పెప్పర్స్, గేట్స్, బర్న్స్: మా నాన్న చూపించిన కాళ్ళు

"అన్నా, ఆగస్టులో ఎమ్మెస్‌కి అమెరికాలోని రాలీ ఊరికి వచ్చాను. క్రికెట్ తప్ప వేరే ఆట చూసి ఎరగను. ఇక్కడ శనివారం వస్తే కాలేజీ ఫుట్‌బాల్ (మన సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్), చలి మొదలైతే కాలేజీ బాస్కెట్‌బాల్ అని అందరూ ఊగిపోతున్నారు. జూలియస్ పెప్పర్స్ రెండూ ఆడాడట. కాలేజీలో ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా ఆడనివాడు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, అంటే డబ్బు తీసుకుని ఆడేవాళ్ళ పెద్ద లీగ్‌లో, గొప్పవాడయ్యాడట. ఇవి నిజమేనా? అసలు ఎవర్ని చూడాలి, ఏం చూడాలి?" అని అడిగావు.

తమ్ముడూ, నువ్వు విన్న రెండూ నిజమే. నేను 1998లో ఇదే ఊరికి, నువ్వు చదివే నార్త్ కరొలైనా స్టేట్‌కే ఎమ్మెస్‌కి వచ్చాను. ఎవెంట్ ఫెర్రీ రోడ్డు మీద రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో ఐదుగురం ఉండేవాళ్ళం. మొదటి రెండేళ్ళు నాకూ ఏమీ అర్థం కాలేదు. జనం అరిస్తే అరిచాను, నిలబడితే నిలబడ్డాను. చూడటం ఎలాగో నాకు నేర్పింది ఇక్కడివాళ్ళెవరూ కాదు, మా నాన్న.

నాన్న బాపట్ల దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేశారు. కబడ్డీ, వాలీబాల్ ఆయనకి ప్రాణం. నాకు ఉద్యోగం వచ్చాక 2001 మార్చిలో అమ్మా ఆయనా ఇక్కడికి వచ్చారు. ఒక ఆదివారం భోజనాలయ్యాక టీవీ పెట్టాను. నార్త్ కరొలైనా, అంటే మన స్టేట్ వాళ్ళకి పడని చాపెల్ హిల్ జట్టు, దేశంలోని కాలేజీ జట్లు ఆడే ఎన్‌సీఏఏ టోర్నమెంట్ రెండో రౌండ్‌లో పెన్ స్టేట్‌తో ఆడుతోంది. నాన్నకి రూల్స్ తెలీవు. రెండు పాయింట్లు ఎందుకో, మూడు ఎందుకో అడగలేదు. పది నిమిషాలు కన్నార్పకుండా చూసి, "ఆ పొడుగు కుర్రాణ్ణి చూడరా. మిగతావాళ్ళంతా బంతి కోసం పైకి చూస్తున్నారు. వాడు ముందు వెనకున్న మనిషిని నడుముతో ఆపి, ఆ తర్వాత పైకి చూస్తున్నాడు. వీణ్ణెవరో బాగా నిలబెట్టార్రా" అన్నారు.

ఆ పొడుగు కుర్రాడే జూలియస్ పెప్పర్స్. ఆ రోజు 21 పాయింట్లు, 10 రీబౌండ్లు (రింగులో పడకుండా తిరిగొచ్చిన బంతిని పట్టుకోవడం). జట్టు మాత్రం ఓడిపోయింది. అతను అసలు ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ మీద వచ్చిన కుర్రాడనీ, బాస్కెట్‌బాల్ ఫుట్‌బాల్ సీజన్ అయ్యాక వచ్చి ఆడేదనీ చెబితే నాన్న నమ్మలేదు. అంతకు నాలుగు నెలల ముందు ముగిసిన ఫుట్‌బాల్ సీజన్‌లో అతనివి 15 శాక్‌లు (బంతి విసరబోయేవాణ్ణి విసరకముందే పడగొట్టడం), ఆ ఏడాది దేశం మొత్తం మీద అవే ఎక్కువ.

నాన్న చూసినదాన్ని ఇక్కడ బాక్స్ ఔట్ అంటారు. షాట్ వేశాక బంతి గాల్లో ఉన్న ఆ ఒకటిన్నర సెకనులో జరిగే పని అది. ఎదుటివాణ్ణి ముందు వీపుతో తగలాలి, కాళ్ళు ఎడం చేసి పిరుదులు కిందకి దించాలి, వాడి బరువంతా తొడల మీద కాయాలి, అప్పుడు బంతి కోసం లేవాలి. కబడ్డీలో కార్నర్ ఆడేవాడు ఇలాగే కూర్చుంటాడు. నాన్న పిల్లలకి ఎప్పుడూ చెప్పేది, రైడర్ చేతుల్ని నమ్మొద్దని. చెయ్యి ఎటైనా ఊపుతాడు, పాదం ఎటు తిరిగితే మనిషి అటే పోతాడు. ఆ రోజు నుంచి నేను బంతిని వదిలేసి కాళ్ళు చూడటం మొదలుపెట్టాను. ఈ రెండు ఆటల్లో ఎవర్ని చూడాలని అడిగావు కదా, కాళ్ళు చూస్తే ఎవర్ని చూడాలో నీకే తెలిసిపోతుంది.

ముందు పెప్పర్స్ గురించి పూర్తిగా చెప్పనీ. ఇక్కడికి తూర్పున విల్సన్‌లో పుట్టి, ఆ పక్కనే బెయిలీ అనే చిన్న ఊళ్ళో పెరిగాడు. 6 అడుగుల 7 అంగుళాలు, 280 పౌన్ల పైన, అంటే 127 కిలోలు దాటిన మనిషి. ఫుట్‌బాల్‌లో అతని స్థానం డిఫెన్సివ్ ఎండ్. నీకు ఆట కొత్త కాబట్టి చెబుతున్నా: బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్ళాలి, వెళ్తే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు. బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. బంతి వెనక్కి అందగానే అతనికి దొరికే టైమ్ రెండున్నర, మూడు సెకన్లు. ఆ లోపల డిఫెన్సివ్ ఎండ్ తన ఎదురుగా గోడలా నిలబడ్డ టాకిల్‌ని దాటి అతన్ని పడగొడితే అది శాక్. టాకిల్ మూడు వందల పౌన్ల మనిషి, నెడితే కదలడు. అందుకని పెప్పర్స్ బయటికి ఒక పొడుగు అడుగు వేస్తాడు, టాకిల్ బరువు అటు జరగ్గానే లోపలికి తిరుగుతాడు. బాస్కెట్‌బాల్‌లో రింగు కింద వీపు ఆనించి తిరగడం కూడా ఇదే అడుగు. అంత పెద్ద శరీరం అంత చురుగ్గా ఎలా తిరుగుతోందని టీవీలో వ్యాఖ్యాతలు ఆశ్చర్యపోయేవాళ్ళు. ఆ అడుగు నేను బాస్కెట్‌బాల్ కోర్టు మీద ముందే చూసేశాను.

2000లో చాపెల్ హిల్ జట్టు ఎన్‌సీఏఏలో ఎనిమిదో సీడ్‌గా మొదలై ఫైనల్ ఫోర్ దాకా, అంటే చివరి నాలుగు జట్ల దాకా, వెళ్ళినప్పుడు అతను ఆ జట్టులో ఉన్నాడు. అదే కాలేజీలో రోనల్డ్ కరీ అనే కుర్రాడు ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్, బాస్కెట్‌బాల్‌లో పాయింట్ గార్డ్, అంటే బంతి తెచ్చి ఆట నడిపేవాడు. ఒకే కాలేజీలో ఒకే సమయంలో అలాంటి ఇద్దరు! తర్వాత 2002 డ్రాఫ్ట్‌లో, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకునే చోట, షార్లెట్‌లోని కరొలైనా పాంథర్స్ పెప్పర్స్‌ని రెండో నంబరుగా తీసుకుంది. అంతకు ముందు ఏడాది ఆ జట్టు 16 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచింది. రెండేళ్ళు తిరిగేసరికి ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనలైన సూపర్ బౌల్ ఆడింది, న్యూ ఇంగ్లండ్ చేతిలో 32-29తో పోయింది. పెప్పర్స్ 17 సీజన్లు ఆడి 159.5 శాక్‌లు చేశాడు. 2024లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళాడు, అదీ అర్హత వచ్చిన మొదటి ఏడాదే. నాకు మాత్రం శాక్‌ల కంటే ఇంటర్‌సెప్షన్లు గుర్తుంటాయి. 11 ఉన్నాయి. మనిషిని పడగొట్టడానికి పరుగెత్తేవాడు ఆగి, ఎగిరి, విసిరిన బంతినే లాక్కోవడం! 2004లో డెన్వర్‌లో అలాగే తమ ఎండ్ జోన్‌లోనే, అంటే మైదానం కొసన గీత వెనకున్న చోటే, ఒక పాస్ పట్టుకుని దాదాపు మైదానం మొత్తం పరుగెత్తాడు. చివర్లో గీత ఇంకా మూడు గజాలు ఉందనగా దొరికిపోయాడు. ఆ పరుగు దొరికితే ఒకసారి చూడు. 127 కిలోల మనిషి అలా పరుగెత్తడం నేను మళ్ళీ చూడలేదు.

ఈ రాష్ట్రంలో పెరిగిన ఆటగాళ్ళలో మైకేల్ జోర్డన్ పేరు ముందు ఇంకొకరిది పెట్టడం కష్టం, నేనూ పెట్టను. కానీ ఒకే శరీరం రెండు ఆటల్లో పెద్ద స్థాయిలో పనిచేయడం అన్న మాట వస్తే, పెప్పర్స్‌కి సాటి ఇక్కడ లేడు. స్టేట్ అభిమానిగా చాపెల్ హిల్ మనిషిని ఇంత మెచ్చుకుంటున్నానంటే ఎంత మనస్ఫూర్తిగా చెబుతున్నానో అర్థం చేసుకో.

ఇక నీ రెండో ప్రశ్న. కాలేజీలో ఫుట్‌బాల్ ఆడకుండానే గొప్పవాడైనవాడు ఆంటోనియో గేట్స్. డెట్రాయిట్ కుర్రాడు. రెండు ఆటలూ ఆడాలని మొదట ఒక పెద్ద యూనివర్సిటీకి వెళ్ళాడు, అక్కడ ఫుట్‌బాల్ ఒక్కటే ఆడమన్నారు. బయటికొచ్చి చివరికి కెంట్ స్టేట్‌లో బాస్కెట్‌బాల్ ఆడాడు. 2002లో ఆ చిన్న కాలేజీ పదో సీడ్‌గా ఎలైట్ ఎయిట్ దాకా, అంటే చివరి ఎనిమిది జట్ల దాకా వెళ్ళింది. గేట్స్ ఎత్తు 6 అడుగుల 4 అంగుళాలు. అతను ఆడే పవర్ ఫార్వర్డ్ స్థానానికి ఎన్‌బీఏలో ఆ ఎత్తు చాలదు. బయట నుంచి షాట్లు వేసే గార్డూ కాడు. ఎటూ కాని ఎత్తు అని పక్కన పెట్టేశారు. 2003లో ఏ జట్టూ డ్రాఫ్ట్‌లో తీసుకోకపోయినా శాన్ డియేగో చార్జర్స్ పిలిచి టైట్ ఎండ్‌గా పెట్టుకుంది.

టైట్ ఎండ్ పని చూస్తే ఎందుకు పెట్టుకున్నారో తెలుస్తుంది. సగం సేపు ఎదుటివాణ్ణి కాయాలి, సగం సేపు గుంపు మధ్యలోకి వెళ్ళి పాస్ పట్టుకోవాలి. పట్టేటప్పుడు వెనక ఒకడు అంటుకుని ఉంటాడు. వాణ్ణి వీపు మీద ఉంచుకుని, బంతికీ వాడికీ మధ్య తన శరీరం పెట్టి, రెండు చేతులూ పైకి చాచి అందినంత ఎత్తులో పట్టాలి. ఇది రీబౌండే కదా! బాస్కెట్‌బాల్‌లో తనకంటే నాలుగంగుళాలు పొడుగువాళ్ళతో కుస్తీ పట్టిన గేట్స్‌కి ఇక్కడ ఎదురుగా ఉన్నది తనకంటే నాలుగంగుళాలు పొట్టివాళ్ళు. పదహారేళ్ళు అదే జట్టుకి ఆడి 116 టచ్‌డౌన్లు (బంతిని ఎదుటివాళ్ళ ఎండ్ జోన్‌కి చేర్చడం) పట్టాడు. టైట్ ఎండ్‌లలో అంతకు మించి ఎవరికీ లేవు. 2025లో అతనూ హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళాడు.

గేట్స్‌కి ముందు ఆ రికార్డు టోనీ గొంజాలెజ్‌ది, 111. అతనూ బాస్కెట్‌బాల్ మనిషే. కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్క్‌లీ తరఫున రెండు ఆటలూ ఆడాడు. 1997లో చివరి పదహారు జట్ల దాకా వచ్చి చాపెల్ హిల్ చేతిలోనే ఓడాడు. ఆ రికార్డుని గేట్స్ 2017 సెప్టెంబరులో దాటాడు. దాటిన ఆ పాస్ విసిరింది ఎవరనుకున్నావు? మన ఫిలిప్ రివర్స్!

రివర్స్ పేరు నీకింకా ఎవరూ చెప్పలేదంటే మీ రూమ్మేట్ల మీద నాకు కోపమే. అలబామా నుంచి హైస్కూల్ చివరి సెమిస్టర్ వదులుకుని 2000 జనవరిలోనే స్టేట్‌లో చేరిపోయాడు. నాలుగేళ్ళూ అతనే క్వార్టర్‌బ్యాక్. కార్టర్-ఫిన్లీ స్టేడియంలో నేను చూసిన మంచి రోజులన్నీ ఆ నాలుగేళ్ళలోవే. బంతిని తల మీద నుంచి కాకుండా పక్కనుంచి, భుజం దగ్గర నుంచి తోసినట్టు విసిరేవాడు. ఆ విసురు పెద్ద ఆటలో పనికిరాదని చాలామంది అన్నారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో వరసగా 240 మ్యాచ్‌లు ఒక్కటీ మానకుండా బరిలోకి దిగాడు. గేట్స్‌కి ఒక్కడికే 89 టచ్‌డౌన్ పాస్‌లు ఇచ్చాడు. విసిరే చెయ్యి చూసినవాళ్ళు అతని పాదాలు చూడలేదు. చుట్టూ మనుషులు కూలుతుంటే చిన్న చిన్న అడుగులతో జరుగుతూ ఎప్పుడూ విసరడానికి సిద్ధంగానే ఉండేవాడు. 2000లోనూ 2001లోనూ ఒక పక్క రివర్స్, ఎదురుగా పెప్పర్స్. టికెట్ కొనుక్కుని ఆ ఇద్దర్నీ ఒకే మైదానంలో చూసే అదృష్టం ఈ ఊరివాళ్ళకి దొరికింది.

బాస్కెట్‌బాల్ నుంచి ఇటు వచ్చినవాళ్ళు ఇంకా ఉన్నారు. జిమ్మీ గ్రాహమ్ మయామీలో నాలుగేళ్ళు బాస్కెట్‌బాల్, ఒక్క ఏడాది ఫుట్‌బాల్ ఆడి న్యూ ఆర్లియన్స్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టులో గొప్పవాడయ్యాడు. టచ్‌డౌన్ కొట్టినప్పుడల్లా గోల్‌పోస్ట్ మీద బంతిని డంక్ చేసేవాడు. 2013లో అట్లాంటాలో పోస్ట్ ఒక పక్కకి ఒరిగిపోతే ఆట ఆపి సరిచేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది నుంచి ఆ డంక్‌ని నిషేధించారు. అటు నుంచి ఇటు వెళ్ళినవాడు చార్లీ వార్డ్: 1993లో కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్నిటికంటే పెద్ద అవార్డు హైస్‌మన్ గెలిచి, ఎన్‌బీఏలో న్యూయార్క్ నిక్స్‌కి పాయింట్ గార్డ్‌గా వెళ్ళాడు.

ఇప్పుడు నా మనసుకి అన్నిటికంటే దగ్గరైన ఆటగాడి గురించి. డీజే బర్న్స్. 6 అడుగుల 9 అంగుళాలు, 275 పౌన్లు, ఎడమచేతి వాటం. టెనసీలో మొదలై, విన్‌త్రాప్ మీదుగా స్టేట్‌కి వచ్చాడు. 2024 మార్చి మొదట్లో మన జట్టు వరసగా నాలుగు ఓడి 17 గెలుపులు, 14 ఓటములతో ఉంది. మన కాలేజీ ఆడే లీగ్ ఏసీసీ, దాని టోర్నమెంట్ గెలిస్తే తప్ప ఎన్‌సీఏఏ పెద్ద టోర్నమెంట్‌కి దారి లేదు. ఐదు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు గెలవాలి. గెలిచారు! సెమీస్‌లో వర్జీనియా మీద చివరి క్షణంలో మైకేల్ ఓకానెల్ విసిరిన మూడు పాయింట్ల షాట్ బోర్డుకి తగిలి లోపల పడింది. నేను సోఫా మీద నుంచి ఎప్పుడు లేచానో నాకే తెలీదు. ఫైనల్లో చాపెల్ హిల్‌ని 84-76తో కొట్టారు. అక్కడి నుంచి ఎన్‌సీఏఏలో పదకొండో సీడ్‌గా మరో నాలుగు గెలిచారు. నాలుగోది డ్యూక్ యూనివర్సిటీ మీద, ఫైనల్ ఫోర్‌కి వెళ్ళే మ్యాచ్, ఈస్టర్ ఆదివారం.

సగం ఆట అయ్యేసరికి డ్యూక్ 27, మనం 21. రెండో సగంలో మనవాళ్ళు 55 కొట్టారు. బర్న్స్ ఒక్కడివే మొత్తం 29. ఎలా కొట్టాడో చెబుతాను. బంతి అందుకున్నాక అతనికి తొందర ఉండదు. రింగు వైపు వీపు పెట్టి, ఎదుటివాణ్ణి నడుముతో తోస్తూ ఒక్కో దరువుకి ఒక్కో అడుగు వెనక్కి వెళ్తాడు. తోసి ఒక క్షణం ఆగుతాడు. తోపు ఆగగానే ఎదుటివాడి బరువు ముందుకి తూలుతుంది. ఆ తూలినప్పుడే బర్న్స్ మడమ మీద తిరిగిపోతాడు. ఎడమచేతి నుంచి బంతి మెత్తగా, దీపం పెట్టినంత నెమ్మదిగా రింగులో పడుతుంది. అంత లావు మనిషికి అంత మెత్తని పాదాలు! 76-64. 1983 తర్వాత స్టేట్ ఫైనల్ ఫోర్‌కి వెళ్ళడం అదే మొదటిసారి. మన అమ్మాయిల జట్టు కూడా అదే వారంలో ఫైనల్ ఫోర్‌కి వెళ్ళింది, ఆ మాట చాలామంది చెప్పరు. అబ్బాయిలు పర్డ్యూ చేతిలో 63-50తో ఓడిపోయారు. ఏడడుగుల నాలుగంగుళాల జాక్ ఈడీ ముందు బర్న్స్ ఎనిమిది పాయింట్ల దగ్గర ఆగిపోయాడు.

ఆ వారాల్లోనే ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు బర్న్స్ గురించి ఆరా తీస్తున్నాయని వార్తలొచ్చాయి. బాస్కెట్‌బాల్‌లో అతని భవిష్యత్తు అటుంచి, అఫెన్సివ్ టాకిల్‌గా పనికొస్తాడా అని. వినగానే నాకు నాన్న గుర్తొచ్చారు. తన బరువు తప్పకుండా ఎదుటివాడి బరువు తప్పించే మనిషి ఎక్కడైనా పనికొస్తాడు. బర్న్స్ బాస్కెట్‌బాల్‌నే ఎంచుకున్నాడు. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, విదేశాల్లో ఆడటానికి వెళ్ళాడు. అతను ఫుట్‌బాల్‌కి వెళ్ళి ఉండాల్సిందని ఇప్పటికీ వాదించేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. తనకి ఇష్టమైన ఆట ఆడుకునే హక్కు ఆ కుర్రాడిది.

చాపెల్ హిల్ వాళ్ళలో ఇంకొకరి పేరు చెప్పకపోతే అన్యాయం. ఆర్మాండో బేకాట్. 2022 ఏప్రిల్‌లో న్యూ ఆర్లియన్స్‌లో డ్యూక్ మీద, అది వాళ్ళ కోచ్ షషెవ్‌స్కీకి చివరి మ్యాచ్. ఆట ముగియడానికి ఐదారు నిమిషాలుందనగా బేకాట్ చీలమండ మడతపడింది. మనుషులు పట్టుకుని కోర్టు బయటికి తీసుకెళ్ళారు. కాసేపట్లో తిరిగొచ్చాడు. ఆ రాత్రి అతనివి 21 రీబౌండ్లు. చివర్లో కేలెబ్ లవ్ వేసిన మూడు పాయింట్ల షాట్ అందరికీ గుర్తుంది, 81-77 అందరికీ గుర్తుంది. ఆ 21 సార్లు నొప్పి కాలితోనో మంచి కాలితోనో ఒక మనిషిని వీపుతో కాచిన పని గుర్తుపెట్టుకున్నవాళ్ళు తక్కువ.

ఒక్క విషయం అన్నగా గట్టిగా చెబుతాను. 2024 మార్చి 11 నుంచి ఈ రాష్ట్రంలో ఫోన్ మీద బెట్టింగ్ చట్టబద్ధం. మీ గుంపులో ఎవరో ఒకరు "పది డాలర్లే కదా" అంటారు. వద్దు తమ్ముడూ. డబ్బు సంగతి అలా ఉంచు, పందెం కాసినవాడికి ఆ కుర్రాడు మనిషిలా కనపడడు. ఫ్రీ త్రో పోతే ఇరవై ఏళ్ళ పిల్లాడికి రాత్రికి రాత్రి బూతు మెసేజ్‌లు పెడతారు. నీ పక్క బెంచీలో కూర్చునే వయసు వాళ్ళది. అలాగే జట్టు మారిన ప్రతివాణ్ణీ ద్రోహి అనకు. 2021 జులై దాకా వాళ్ళ పేరు మీద ఒక ప్రకటన చేసుకుని పది రూపాయలు తీసుకోవడానికి కూడా వీల్లేదు. స్టేడియాలు నిండేవి, టీవీ కంపెనీలు కోట్లు ఇచ్చేవి, పెప్పర్స్ లాంటివాళ్ళకి స్కాలర్‌షిప్ మాత్రమే ముట్టేది. ఇప్పుడు డబ్బు తీసుకోవచ్చు, కాలేజీ మారవచ్చు. మారి మారి వచ్చిన బర్న్సే కదా మనకి ఆ వసంతం ఇచ్చింది.

ఇక ఈ వారం ఏం చెయ్యాలంటే. శనివారం కార్టర్-ఫిన్లీకి వెళ్ళు, విద్యార్థి టికెట్ ఎలా తీసుకోవాలో యూనివర్సిటీ సైట్‌లో ఉంటుంది. మొదటి ఐదు ప్రయత్నాలు బంతి ఎవరి దగ్గరుందో పట్టించుకోకు. మన వరసలో ఎడమ చివర నిలబడ్డ టాకిల్ మీదే కళ్ళు పెట్టు. అతని పాదాలు చతికిలపడకుండా, దాటకుండా, పీతలా పక్కకి జరుగుతుంటే మన క్వార్టర్‌బ్యాక్‌కి ఆ రోజు బాగుంటుంది. నవంబరులో బాస్కెట్‌బాల్ మొదలయ్యాక, షాట్ గాల్లోకి లేవగానే జనమంతా పైకి చూస్తారు. నువ్వు కిందకి చూడు. ఎవడు ముందు మనిషిని వెతుక్కుంటున్నాడో వాడి పేరు రాసుకుని వచ్చి నాకు చెప్పు.

పెద్ద మ్యాచ్ గెలిచిన రాత్రి మన యూనివర్సిటీ బెల్‌టవర్‌కి ఎర్ర దీపాలు పెడతారు. ఎవెంట్ ఫెర్రీ రోడ్డు నుంచి హిల్స్‌బరో స్ట్రీట్ దాకా మేం నడిచే వెళ్ళేవాళ్ళం. జాకెట్ మర్చిపోకు, అక్కడ అర్ధరాత్రి దాకా ఎవరూ కదలరు.